ముందు మీ ట్రక్కు తూచండి

పికప్ ట్రక్కు వెనక తొట్టిలో ఒదిగి కూర్చుని, ఆగినచోట కప్పు పైకెత్తితే గుడ్డ గోడలతో గదిగా నిలబడే క్యాంపర్లుంటాయి. వాటి గురించి అరిజోనాలో ఎవరికి ఏ సందేహం వచ్చినా లోవెల్ ప్రూయిట్‌ని అడగమనేవారు. ఏది తేలిక, ఏది కారుతుంది, దేనికి ఏ సందులోంచి దుమ్ము దూరుతుంది, అన్నీ ఆయనకు కంఠోపాఠం. ఒక్క రాత్రయినా వాటిలో పడుకున్న పాపాన మాత్రం పోలేదు. ఈ సంగతి ఇంకొకరు బయటపెట్టే అవసరం లేకుండా ఆయనే ముందుగా చెప్పేసేవాడు.

"నేను పెళ్లికాని పెళ్లిళ్ల పేరయ్యనండీ. సంబంధాలు బ్రహ్మాండంగా చూస్తాను. కాపురం సంగతి నన్నడక్కండి" అనేవాడు. అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

ఏటా జనవరిలో క్వార్ట్‌సైట్ ఊరి బయట ఎడారిలో మా క్యాంపర్ల జాతర జరుగుతుంది. నేలమీద తుమ్మముళ్లు, తలమీద ఎండ, ఎటు చూసినా పైకెత్తిన కప్పులు. మేమంతా మా మా గదుల్లో చలికి ముడుచుకుని పడుకుంటే, లోవెల్, ఆయన భార్య నోరీన్ నది దాటి బ్లైత్‌లో మోటెల్లో దిగేవారు. పొద్దున్నే మోటెల్ వాళ్లు పెట్టే వాఫుల్ అట్టు తిని, జేబులో టేపూ స్ప్రింగు త్రాసూ వేసుకుని ఆయన జాతరలో దిగేవాడు. "ఇన్‌స్పెక్టర్ గారొచ్చారు, దుప్పట్లు మడతపెట్టండ్రా" అని ఎవరో ఒకరు కేకవేసేవారు. ఆయన టోపీ తీసి వంగి దండం పెట్టేవాడు.

రిటైరయ్యే దాకా కింగ్‌మన్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రమాదాల్లో నుజ్జయిన బండ్లు చూసి నష్టం అంచనా కట్టడం ఆయన ఉద్యోగం. "బతుకంతా విరిగిన బండ్లే చూశాను. సక్రమంగా నిలబడ్డ బండి కనిపిస్తే నాకు అనుమానమొస్తుంది" అని చెప్పుకునేవాడు. నోరీన్ అదే ఊళ్లో పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని రిటైరయింది. ఎవరెవరో ఎక్కడెక్కడికో వెళ్లి పంపిన పోస్టుకార్డులు ఆమె చేతుల మీదుగానే వెళ్లేవి. అలా వచ్చిన ఒకదానిమీద ఒక తిమింగలం నీళ్లలోంచి ముట్టె బయటపెట్టి ఉంది. పడవలోంచి ఎవరో ఆడమనిషి వంగి దాని ముట్టె మీద చెయ్యి వేసింది. అది ఎక్కడ అని నోరీన్ వాకబు చేసింది. మెక్సికోలో, బాహా ద్వీపకల్పం మధ్యలో, సాన్ ఇగ్నాసియో దగ్గర, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన కయ్య. చలికాలంలో బూడిదరంగు తిమింగలాలు అక్కడికొచ్చి పిల్లల్ని కంటాయి. తల్లులే పిల్లల్ని పడవల దగ్గరికి తోసుకొస్తాయట.

"అక్కడికి వెళ్దాం లోవెల్" అని నోరీన్ అడిగింది. లోవెల్ సరేనన్నాడు. అక్కడే మొదలైంది తంటా. చివర్లో మట్టిరోడ్డు, దగ్గర్లో బస లేదు. కాబట్టి ఒక మంచి, తేలికైన క్యాంపర్ కావాలి. ఏది మంచిదో పోల్చి చూడాలి. పోల్చడం మొదలుపెట్టాక ఆయన ఇంకేమీ మొదలుపెట్టలేదు.

ముందు అల్యూమినియం ఎముకల క్యాంపరన్నాడు. గతుకుల రోడ్డుమీద అది వంగుతుందే గాని విరగదు. అయితే చలి ఉదయాల్లో లోపల లోహానికి చెమటపట్టి పడుకున్నవాళ్ల ముక్కుమీద చుక్కచుక్కగా రాలుతుందని తెలిసి దాన్ని వదిలాడు. కర్ర చట్రానిది వెచ్చగా ఉంటుంది, కానీ ఒక్కసారి నీళ్లు దిగితే ఎవరికీ చెప్పకుండా లోలోపల కుళ్లుతుంది. ఎముకలే లేకుండా పలకలు అతికించింది అన్నిటికంటే దృఢం, కానీ దారిలో పగిలితే ఏ ఊరి మేస్త్రీ దాన్ని ముట్టుకోడు. అంతా గుడ్డతో ఉండేది దూదిలా తేలిక, గాలొస్తే మాత్రం రాత్రంతా డప్పు వాయిస్తుంది. మంచం అడ్డంగా ఉంటే లోపలివైపు పడుకున్నవాళ్లు బయటివైపు వాళ్లను తొక్కుకుంటూ దిగాలి, లోవెల్‌ది రాత్రిళ్లు పదేపదే లేచే వయసు. నిలువుగా ఉంటే కాళ్లు చాలవు. ఏదో ఒకటి నచ్చే సమయానికి వచ్చే ఏడాది దాన్నే ఇంకా తేలికగా చేస్తున్నారని కబురొచ్చేది. ఇంకేం, ఆగుదామనేవాడు. తిమింగలాలు వచ్చేవి, పిల్లల్ని కనేవి, వెళ్లిపోయేవి.

క్యాంపర్ కొనలేదు గాని దాన్ని మోసే ట్రక్కును మాత్రం పెళ్లికొడుకును చేశాడు. ముందు ఉక్కు బంపరు, దానికి బురదలోంచి లాగే విన్చీ. వెనక ఇంకో ఉక్కు బంపరు, దానిమీద రెండో స్టెప్నీ. కింద రాళ్లు తగలకుండా మందపాటి రేకులు, పక్కల ఇనప గొట్టాలు. పెద్ద టైర్లు, రెండో బ్యాటరీ, సీటు కింద ఇంకో డీజిల్ ట్యాంకు, ఎత్తే జాకీ, ఆ జాకీ ఇసుకలో దిగబడకుండా దానికి ఒక పీట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఒకసారి ఇదంతా చూసి ఓరిన్ అనే ముసలాయన, "అన్నీ ఉన్నాయి లోవెల్. ఒక్క దుమ్మే లేదు" అన్నాడు. ఆ మాటను కూడా లోవెల్ తన జోకుల్లో కలిపేసుకుని నాలుగేళ్లు వాడుకున్నాడు.

ఈ జనవరిలో జాతర రెండో రోజు పొద్దున, బ్లైత్ మోటెల్లో వాఫుల్ మీద సిరప్ పోసుకుంటూ నోరీన్ చెప్పింది.

"కయ్య దగ్గర పడవలో రెండు సీట్లు చెప్పించాను. వచ్చే గురువారానికి."

"ఏ గురువారం?"

"గురువారం అంటే గురువారమే."

"మనకి క్యాంపరే లేదుగా నోరీన్."

"సాయంత్రానికి ఉంటుంది. నువ్వు చూపించింది కొంటాం, లేకపోతే నేను చూసింది కొంటాం. రెండూ కాకపోతే నేను బస్సెక్కి పోతాను. నీ సీట్లో నా సంచీ పెట్టుకుంటాను."

"సంచీ నాకంటే తేలికే. పడవకీ మంచిది" అన్నాడు లోవెల్. మామూలుగా ఇలాంటిదానికి నోరీన్ మూతి బిగించి అయినా నవ్వేది. ఈసారి సిరప్ సీసా మూత పెట్టి లేచింది.

ఆ రోజు జాతరలో తలుపులు తెరిచే రోజు. ఆ రోజు ఎవరి క్యాంపర్లోకి ఎవరైనా అడక్కుండా వెళ్లొచ్చు. బూట్లు బయట విడవాలి, అంతే. లోపలికి వచ్చినవాళ్లు ఒక ప్రశ్న అడిగితే యజమాని నిజమే చెప్పాలి. "దీంతో నీకున్న చిక్కేంటి?" అన్నది ఆ ప్రశ్న. కొత్తది కొనాలనుకునేవాళ్లు దుకాణాలకు కాకుండా ఇక్కడికి వచ్చేది ఆ ప్రశ్న కోసమే.

టూసాన్ నుంచి వచ్చిన పళ్ల డాక్టరు గారి పలకల క్యాంపరు ఆసుపత్రిలా తెల్లగా మెరిసిపోతోంది. "చిక్కేంటంటే, కూరలో పసుపు పడితే మా ఆవిడ ఏడుస్తుంది" అన్నాడాయన. నోరీన్ లోపల కూర్చుని, పడుకుని, బావుందంది. లోవెల్ టేపు తీసి నాలుగు చోట్ల కొలిచి, ఇది మన తొట్టికంటే వెనక్కి చెయ్యెడు పొడుచుకొస్తుంది, బరువు వెనకపడితే ముందు చక్రాలు గాల్లో తేలతాయన్నాడు. తరువాత వేటగాడొకడి గుడ్డ క్యాంపరు. దానికి గాలి డప్పు ఉండనే ఉంది. ఇంకొకరిది కప్పు లేపడానికి గ్యాసు కడ్డీలు. అవి చలికి బిగుసుకుపోతాయి. ఇంకొకరి ఫ్రిజ్ పైనుంచి తెరుచుకుంటుంది. అడుగున ఉన్న గుడ్డు తీయాలంటే తలకిందులుగా దిగాలి.

"నీకు పనికొచ్చేది దేవుడు కూడా చెయ్యలేదు లోవెల్" అంది నోరీన్.

"చేసేవాడే. వచ్చే ఏడు మోడల్ కోసం ఆగుంటాడు."

అందరూ నవ్వారు. నోరీన్ అప్పటికే పక్క వరసలోకి వెళ్లిపోయింది.

ఆ వరస చివర డెల్ఫా ఉంది. ఓరిన్ భార్య. ఓరిన్ పోయిన శరత్కాలంలో చనిపోయాడు. అలాస్కా నుంచి పటగోనియా దాకా మనుషులు నడవని దారులన్నీ నడిపించి, చివరికి ఇంట్లో, సొంత మంచం మీద, నిద్రలో పోయాడు. వాళ్ల కర్ర చట్రం క్యాంపర్ని ట్రక్కు మీంచి దింపి నాలుగు కాళ్లమీద నిలబెట్టి, కిటికీకి అమ్మకం చీటీ అంటించింది డెల్ఫా. లోవెల్ వచ్చేసరికి లోపల నోరీన్ ఉంది. వీపు కప్పుకి ఆనించి, మోకాళ్లు వంచి ఒక్క తోపు తోసింది. కప్పు లేచి నిలబడింది. గుడ్డ గోడల్లోంచి పలచటి వెలుతురు ఆమె ముఖాన పడింది. ఆమె బెంచీ మీద కూర్చుంది. ఇక లేవలేదు.

"చిక్కేంటి డెల్ఫా?" అని అడిగింది.

"ఒకటా? ఎడమ మూల కారుతుంది. పొయ్యికి రెండో బర్నర్ మూడ్ ఉంటేనే వెలుగుతుంది. ఓరిన్ గురక ఈ చెక్కల్లోకి ఇంకిపోయిందని నా అనుమానం."

లోవెల్ బయట నిలబడి మొదలుపెట్టాడు. కర్ర కుళ్లుతుందన్నాడు. పాతదన్నాడు. కొత్త అల్యూమినియం దానికంటే ఒక మనిషి బరువు ఎక్కువన్నాడు. డెల్ఫా ప్రతి మాటకూ తలూపింది.

"అన్నీ నిజమే నాయనా. ఓరిన్ కూడా అవే అనేవాడు. అంటూనే నడిపేవాడు."

"మేం తీసుకుంటాం" అంది నోరీన్ లోపల్నుంచి.

డెల్ఫా ఆమె చెయ్యి పట్టుకుంది. తరువాత లోవెల్ వైపు తిరిగింది. "ఒక్కటే మాట. మీ ట్రక్కు తూయించుకుని రండి. తూచని ట్రక్కుకి క్యాంపరు ఇవ్వొద్దని ఓరిన్ నియమం. అతను నీ దగ్గరే నేర్చుకున్నాడు."

నిజమే, ఆ నియమం లోవెల్‌దే. ప్రతి ట్రక్కుకీ డ్రైవరు తలుపు పక్కన ఒక చీటీ అంటించి ఉంటుంది, అన్నీ కలిపి బండి ఎంత బరువు దాటకూడదో, అందులో మనుషులూ సామానూ ఎంతో దానిమీద ఉంటుంది. జనం ఆ చీటీ చూసి క్యాంపర్ కొంటారు, తాము తగిలించిన ఇనుమును మాత్రం లెక్కేసుకోరు. అందుకని జాతర మొగలో ఒక చెక్కమీద 'ముందు మీ ట్రక్కు తూచండి' అని లోవెల్ స్వయంగా రంగుతో రాసి పాతాడు. ఏటా ఆ చెక్క పక్కన నిలబడి ఉపన్యాసమిచ్చేవాడు. వినని వాళ్లను చూసి జాలిపడేవాడు.

ఊరి చివర కంకర క్వారీలో లారీలు తూచే కాటా ఉంది. దాన్ని చూసుకునే జోలీన్ మా వాళ్ల ట్రక్కుల్ని ఊరికే తూచిపెడుతుంది. లోవెల్ ట్రక్కును ఎక్కించి, తనూ నోరీనూ దిగి పక్కన నిలబడ్డారు. జోలీన్ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నువ్వు పంపినవాళ్లందర్నీ తూచాను గాని నిన్నెప్పుడూ చూళ్లేదే."

"డాక్టరు దగ్గర డాక్టరు చూపించుకోడు కదమ్మా."

ఆమె అంకె చదివింది. లోవెల్ ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి చదివింది. ఆయన వెళ్లి తలుపు పక్క చీటీ చూశాడు, అరచేతిలో పెన్నుతో తీసివేత వేశాడు, ఉమ్మితో తుడిచి మళ్లీ వేశాడు. ట్రక్కు ఇంకా మోయగలిగింది నూట తొంభై పౌండ్లు. లోవెల్ ఒక్కడే రెండు వందల ముప్పై. క్యాంపరు సరే, నోరీన్ సరే, చొక్కా ప్యాంటూ విప్పి ఎక్కినా ఈ ట్రక్కు నడిపే అర్హత ఆయనకు లేదు. ఏళ్ల తరబడి పౌండు పౌండు లెక్కపెట్టి తేలికైన క్యాంపరు కోసం వెతికింది ఈ ట్రక్కు కోసం. దానిమీద దుప్పటి పరిచినా ఎక్కువే.

"అంటే, నువ్వెక్కకుండా ఉంటే బండి బ్రహ్మాండంగా పోతుంది" అంది జోలీన్.

లోవెల్‌కి చెవులు వేడెక్కాయి. అవి చల్లారకముందే నోరు పని మొదలుపెట్టింది. "ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందట. నేను ఇంకా నయం, తొట్టిని కూడా మోసుకు తిరుగుతున్నాను" అన్నాడు. జోలీన్ కిటికీ పట్టుకుని మరీ నవ్వింది.

జాతరకి తిరిగొచ్చి ఆ చెక్క పక్కనే నిలబడి ఆయన కథంతా చెప్పాడు. జోలీన్ గొంతు అనుకరించాడు. చొక్కా విప్పి ఎక్కినట్టు నటించాడు. జాకీ కింద పీట, ఆ పీట బరువు, ఆ బరువుకి వేయించిన అదనపు స్ప్రింగు, ఆ స్ప్రింగు బరువు, అన్నీ వరసగా చెప్పాడు. "పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికి వెళ్తే ఏదో అనుకుంటారు. నేను పులినీ ఏనుగునీ కూడా ఎత్తుకున్నాను" అన్నాడు. పళ్ల డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు. ఎవరో బీరు చేతిలో పెట్టారు. లోవెల్‌కి హాయిగా అనిపించింది. ఆ ఊపులోనే, "కాబట్టి ఈ ఏడాదికి ట్రక్కు సంగతి చూసి, వచ్చే ఏడాది..." అంటూ నోరీన్ కోసం చూశాడు.

ఆమె ఆ గుంపులో లేదు. డెల్ఫా క్యాంపరు మెట్టుమీద కూర్చుని ఉంది.

"నువ్వు రాలేదేం? కథ బాగా పండింది" అన్నాడు దగ్గరికి వెళ్లి.

"నాకు తెలుసులే. నవ్వులు ఇక్కడిదాకా వినిపించాయి." నోరీన్ గొంతులో కోపం లేదు. అదే ఆయనకి మింగుడుపడలేదు. "లోవెల్, నిన్ను నువ్వే వెక్కిరించుకుంటే ఇంక నేనేం తిట్టను? మిగలనివ్వవు కదా. ప్రతి ఏడూ ఇదే ఎత్తు. నేను నవ్వుతాను, ఏడాది గడిచిపోతుంది. ఇక నవ్వను. డెల్ఫా తన ట్రక్కు మీదే క్యాంపరు ఎక్కించి నన్ను తీసుకెళ్తానంది. సోమవారం పొద్దున బయల్దేరతాం. నువ్వెందుకు రావో నాకు ఒక్కసారి తిన్నగా చెప్పు. నవ్వించకుండా చెప్పు."

లోవెల్ నోరు తెరిచాడు. జోకులు నాలుగు వచ్చి నాలిక చివర నిలబడ్డాయి. వాటిలో మొదటిది మంచిదే. ఆయన దాన్ని మింగాడు. బూటు కొసతో కంకర తోస్తూ నిలబడ్డాడు. చివరికి మెట్టు పక్కనున్న నీళ్ల డబ్బామీద కూర్చున్నాడు.

"భయం" అన్నాడు.

నోరీన్ ఆయన వైపు తిరిగింది.

"ఆ కయ్యకి వెళ్లే రోడ్డు మీదే ఒక కేసొచ్చింది నాకు. మెక్సికోలోది, ఇక్కడి వాళ్లది. మొగుడూ పెళ్లాం, అప్పటికి మనకంటే పెద్దవాళ్లు. రోడ్డుకి అంచు ఉండదక్కడ, ఎదురుగా లారీ వచ్చింది. బండి ఏమైందో నీకొద్దు. ఫోటోలో రోడ్డు మధ్యన వాళ్ల కాఫీ ఫ్లాస్కు నిలబడి ఉంది. మూత కూడా ఊడలేదు. నేను దానికి విలువ కట్టాలి, సామాన్లలో అదీ ఉందిగా. కట్టాను. ఆ తరవాత నువ్వు ఫ్లాస్కులో కాఫీ పోసినప్పుడల్లా..." ఆయన ఆగిపోయాడు. "నువ్వు తిమింగలం అన్నప్పుడల్లా నాకు ఆ ఫ్లాస్కే కనపడేది."

"ఇన్నేళ్లూ ఇది చెప్పకుండా బంపర్లు కొన్నావా?"

"బంపరు కొనడం తేలిక."

నోరీన్ గుడ్డ గోడ అంచును వేళ్లతో నిమిరింది. "నాకూ భయమే. నాకు ఈత రాదు, ఎక్కబోయేది పడవ. నేనేం చేశాను? సీట్లు చెప్పించాను" అంది. తరువాత లేచి డెల్ఫా పనిముట్ల పెట్టెలోంచి పెద్ద పానా తీసుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

మర్నాడు పొద్దున లోవెల్ ట్రక్కు బట్టలు విప్పడం మొదలుపెట్టాడు. మా వాళ్లకి ఇలాంటి వినోదం మళ్లీ దొరకదు. కాఫీ కప్పులతో కుర్చీలు లాక్కొచ్చి చుట్టూ కూర్చున్నారు, కాసేపటికి ఊరుకోలేక తలొక పానా పట్టుకుని ట్రక్కు కిందికి దూరారు. విన్చీ వేటగాడికి, వెనక బంపరు పళ్ల డాక్టరుకి. "తీసుకెళ్లు నాయనా, ఇక ఈ రోగం నీది" అన్నాడు లోవెల్. పక్క గొట్టాలు, అడుగు రేకులు, డీజిల్ ట్యాంకు, జాకీ, పీట. ముందు బంపరు ఊడిరాగానే ట్రక్కు ముక్కు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. జోలీన్ దగ్గరికి మళ్లీ వెళ్లి కాటా ఎక్కారు. క్యాంపరూ నీళ్లూ నోరీనూ లోవెలూ అందరూ పడతారని తేలింది. నిలబెట్టిన క్యాంపరు కిందికి ట్రక్కును వెనక్కి నడపడం ఎంతోమందికి నేర్పినవాడు, తన వంతు వచ్చేసరికి మూడుసార్లు వంకరగా వెళ్లాడు. డెల్ఫా వెనక నిలబడి చేత్తో సైగలు చేసింది. "ఓరిన్ మొదటిసారి తలుపే విరగ్గొట్టాడు, నువ్వు నయం" అంది.

సోమవారం ఇద్దరే సరిహద్దు దాటారు. దాటాక లోవెల్ జోకులు ఆగిపోయాయి. బాహా రోడ్డు ఆయన ఫైల్లో చూసినట్టే ఉంది, సన్నగా, అంచు లేకుండా. ఎదురుగా లారీ కనిపించినప్పుడల్లా రెండు చేతులతో స్టీరింగు పిసికేవాడు, అది దాటాక చొక్కాకి అరచేతులు తుడుచుకునేవాడు. నోరీన్ ధైర్యం చెప్పలేదు. "లారీ" అని మాత్రం చెప్పేది, అది ఇంకా చుక్కంత ఉన్నప్పుడే. ఆయన వేగం తగ్గించేవాడు. సాయంత్రం పెద్ద జెముడు చెట్ల మధ్య ఆగి కప్పు లేపారు. ఎడమ మూల డెల్ఫా చెప్పినట్టే మంచు కారింది. రెండో బర్నర్ వెలగలేదు. లోవెల్ మంచం అంచుమీంచి దిగబోయి నోరీన్ చెయ్యి తొక్కాడు. ఇన్నేళ్లు పోల్చి చూసిన లోపాలన్నీ ఒక్కటే క్యాంపర్లో దొరికాయని ఆయన లెక్కతేల్చాడు. అన్నిటినీ దుప్పటిలా కప్పుకుని హాయిగా నిద్రపోయాడు.

గురువారం పొద్దున కయ్య ఒడ్డున పడవ ఎక్కారు. పడవవాడు డాన్ లూసియో, తోలు ముఖం, ఊలు టోపీ. నోరీన్‌కి లైఫ్ జాకెట్ తొడిగి బిగించాడు. లోవెల్ వెళ్లి ఆ బిగింపులు మళ్లీ బిగించాడు. నీళ్ల మధ్య మోటారు ఆపి డాన్ లూసియో చేత్తో నీళ్లు చరిచాడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత పడవ కింద నీళ్ల రంగు మారింది. పడవకంటే పొడుగైనదేదో బూడిదరంగులో అడుగునుంచి దాటింది, దాని వెనక చిన్నది. లోవెల్ ఒక చేత్తో పడవ అంచు పట్టుకున్నాడు. రెండో చేత్తో నోరీన్ జాకెట్ వెనక పట్టీ పిడికిలి బిగించి పట్టుకున్నాడు.

పిల్ల తల పైకెత్తింది. మొటిమలు మొటిమలుగా, తడిగా, పడవకి మూరెడు దూరంలో. దాని పక్కన తల్లి ఊపిరి వదిలితే ఆ తుంపర అందరి ముఖాలమీదా పడింది. పడవ పక్కకి ఒరిగింది. ఆ పక్కకి ఎంత బరువు పడితే పడవ తిరగబడుతుందో లోవెల్ ఒళ్లంతా లెక్కకడుతోంది.

"వంగండమ్మా, తాకొచ్చు. తల్లి ఏమీ అనదు" అన్నాడు డాన్ లూసియో.

నోరీన్ పడవ అంచుమీద మోకాలు ఆన్చి వంగింది. చెయ్యి చాపింది. పిల్ల ముట్టెకి ఇంకా జానెడు దూరముంది. పట్టీ బిగుసుకుంది.

"లోవెల్" అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "వదులు. అందట్లేదు."

ఆమెకి ఈత రాదని ఆయనకు తెలుసు. కింద ఎంత లోతుందో మాత్రం తెలీదు. ఆయన పిడికిలి ఒక్కొక్క వేలే విప్పాడు.

నోరీన్ చెయ్యి అందింది.